జీతం లేని టూరిస్టులు

ఏప్రిల్ నెల వచ్చిందంటే తెలుగు రాష్ట్రాల్లో రెండు కోతలు ఒకేసారి మొదలవుతాయి. తోటల్లో మామిడి కోత ఒకటి. కాలనీ పార్కు బెంచీల మీద, గుడి అరుగుల మీద కోసే కోత రెండోది. "మావాడు ఒకటే గొడవండీ, ఈ వేసవికి వచ్చి తీరాల్సిందేనట. ఇల్లు కూడా మారాడు. జెర్సీ సిటీలో ముప్పయ్యో అంతస్తట. హాల్లో కూర్చుంటే నది అవతల న్యూయార్క్ మొత్తం కనిపిస్తుందట." చుట్టూ ఉన్నవాళ్లు నోరు తెరుచుకుని వింటారు. వాళ్లలో సగంమంది కిందటేడు అలాంటి అపార్టుమెంటులోనే ఆరు నెలలు గడిపి వచ్చినవాళ్లు. ఆ హాల్లో కూర్చునే తీరిక ఎవరికుంటుందో, ఎవరికుండదో వాళ్లకు బాగా తెలుసు. అయినా ఒక్కరూ నోరు మెదపరు. కిందటేడు తామూ ఇదే కోత కోశారు మరి.

ఇంతకీ పిలిచింది కొడుకు కాదు, న్యూజెర్సీ స్కూలు క్యాలెండరు. అక్కడ చాలా బడులు జూన్ మూడో వారం దాటాక మూతపడి, సెప్టెంబరు మొదటి సోమవారం వెళ్లాక తెరుచుకుంటాయి. మధ్యలో పది వారాలు. ఇంట్లో ఏడేళ్లవాడొకడు, మూడేళ్లది ఒకతి. మొగుడూ పెళ్లాలిద్దరికీ ఉద్యోగాలు. పెద్దవాణ్ని సమ్మర్ క్యాంపులో వేద్దామంటే వారానికింతని గుంజుతారు. చిన్నదాని డే కేర్ బిల్లు ఇంటద్దెతో పోటీ పడుతుంది. అప్పుడు కంప్యూటర్ సైన్సు చదివిన బుర్ర ఒక లెక్క వేస్తుంది. రెండు విమానం టికెట్లు, తలా 185 డాలర్ల వీసా రుసుము, అన్నిటికన్నా చవకరకం ఇన్సూరెన్సు. కూడి చూస్తే క్యాంపులకన్నా కన్నవాళ్లే చవక. ఆ కూడిక పూర్తయిన రాత్రి మాతృప్రేమ పొంగుకొస్తుంది. "అమ్మా, ఎన్నాళ్లయిందే నిన్ను చూసి! ఈ సమ్మర్‌కి మీరిద్దరూ వచ్చేయండి."

బడులు తెరుచుకునే ముందు వచ్చే ఆ సెప్టెంబరు సోమవారానికి అమెరికాలో లేబర్ డే అని పేరు. 1894 నుంచీ అది కార్మికుల గౌరవార్థం ఇస్తున్న జాతీయ సెలవు. అమెరికన్ కార్మికుడికి ఆ రోజు విశ్రాంతి. తెనాలి నుంచి వెళ్లిన కార్మికురాలికి మాత్రం ఆ రోజు పదిమందికి భోజనాలు. లాంగ్ వీకెండ్ కదా, కొడుకు స్నేహితులొస్తారు.

ప్రయాణానికి ముందు వీసా అనే ఘట్టం ఉంది. చిలుకూరు బాలాజీ చుట్టూ పదకొండు ప్రదక్షిణలు. పని జరిగితే నూట ఎనిమిది. ఆ తర్వాత నానక్‌రామ్‌గూడలో 2023లో తెరిచిన కొత్త కాన్సులేటు ముందు తెల్లవారకముందే ఫైలు పట్టుకుని నిలబడడం. దానికి నెలరోజుల ముందు నుంచే వీడియో కాల్‌లో రిహార్సల్. ఇక్కడ కొడుకే ఆఫీసరు.

"ఎందుకెళ్తున్నారు?"

"పిల్లల్ని చూసుకోడానికి బాబూ."

"అయ్యో అమ్మా! చూడ్డానికి అనాలి, చూసుకోడానికి అనకూడదు. మళ్లీ చెప్పు."

జీవితంలో బీరకాయల ధర కూడా పక్కింటావిడకు తప్పు చెప్పని ఆవిడ, అరవై రెండేళ్ల వయసులో ఒక అబద్ధాన్ని బట్టీపడుతుంది. నయాగరా, వాషింగ్టన్, లిబర్టీ విగ్రహం. వేళ్లమీద లెక్కపెట్టుకుంటూ వల్లెవేస్తుంది. అసలు రోజున అద్దం వెనకున్న కుర్రాఫీసరు రెండు ప్రశ్నలడిగి పదేళ్ల వీసా ఇచ్చేస్తాడు. కొలువు ఖాయమైంది. అపాయింట్‌మెంటు ఆర్డరు మీద మాత్రం విహారం అని ఉంటుంది.

వీసా పదేళ్లదైనా, దిగిన ప్రతిసారీ ఎన్నాళ్లుండాలో తేల్చేది విమానాశ్రయంలో ఉండే అధికారి. సాధారణంగా ఆరు నెలలు ఇస్తారు. కొడుకు హెచ్1బీ మీద ఉంటే తల్లిదండ్రుల్ని శాశ్వతంగా తెచ్చుకునే దారి లేదు. పౌరసత్వం వచ్చాకే వాళ్లకు గ్రీన్‌కార్డు అడగ్గలడు. అందుకని మనవాళ్లు షిఫ్టు పద్ధతి కనిపెట్టారు. ఇటు అమ్మానాన్నలు ఆరు నెలలు, అటు అత్తమామలు ఆరు నెలలు. నెవార్క్ విమానాశ్రయంలో ఒక జంట దిగుతుంటే ఇంకో జంట ఎక్కుతుంది. మధ్యలో వారం రోజులు కలిసొస్తే అదృష్టం. వియ్యపురాలు వియ్యపురాలికి చార్జి అప్పగిస్తుంది. మినప్పప్పు ఏ డబ్బాలో ఉంది, చిన్నదానికి ఏ పాట పెడితే ముద్ద దిగుతుంది, పెద్దవాడికి వేరుశనగ ఎందుకు పడదు, కోడలికి ఏ టైములో మీటింగులుంటాయి, ఆ టైములో మిక్సీ ఎందుకు వేయకూడదు. పెళ్లిలో ఆడపడుచు కట్నం దగ్గర మాటపట్టింపులకు పోయిన ఆ ఇద్దరూ ఇప్పుడు ఒకే పోస్టులో ముందూ వెనకా పనిచేసే సహోద్యోగినులు.

నేరమంతా కొడుకుదే అంటే అన్యాయమవుతుంది. వాడి వెనకాల ఒక దేశం ఉంది. మన పార్లమెంటు 2017లో ప్రసూతి సెలవును జీతంతో 26 వారాలకు పెంచింది. అమెరికా కేంద్ర చట్టం 1993 నుంచీ ఇస్తున్నది 12 వారాలు. అదీ జీతం లేకుండా. అదీ కనీసం 50 మంది పనిచేసే సంస్థల్లో. న్యూజెర్సీలాంటి కొన్ని రాష్ట్రాలు తమ సొంత పథకాలతో కొంత ఆదుకుంటున్నాయిగానీ, దేశమంతటికీ వర్తించే జీతంతో కూడిన ప్రసూతి సెలవు లేని సంపన్న దేశం అదొక్కటే. మరి 26 వారాలంటే ఎంత? ఆరు నెలలు. నెవార్క్‌లో అమ్మ పాస్‌పోర్టుకు దొరికే గడువెంత? ఆరు నెలలు. కోడలికి ఇవ్వని సెలవును అమెరికా అత్తగారి పేరుమీద మంజూరు చేస్తోందన్నమాట. ఖజానాకు పైసా ఖర్చు లేదు. ప్రపంచంలో అందరికన్నా ధనిక దేశపు శిశు సంక్షేమ శాఖ ఈరోజున తెనాలిలోనూ కరీంనగర్‌లోనూ నడుస్తోంది. ఆ శాఖ ఉద్యోగులు మోకాళ్ల నొప్పులకు తైలం రాసుకుని, తమ ఖర్చుతో తామే మందులు కొనుక్కుని, డ్యూటీకి హాజరవుతున్నారు.

డ్యూటీకి సామాను కూడా వాళ్లే తెచ్చుకోవాలి. మనిషికి 23 కిలోల పెట్టెలు రెండు. ఇద్దరికీ కలిపి నాలుగు. అందులో ఆవకాయ, గోంగూర, కందిపొడి, కరివేపాకు పొడి, సున్నుండలు, అరిసెలు, మనవరాలికి పట్టులంగా, కోడలికి బ్లౌజులు, కొడుక్కి చిన్నప్పుడు ఇష్టమైన జంతికలు, ఆరు నెలల బీపీ మాత్రలు, ఆరు నెలల షుగరు మాత్రలు. మిగిలిన సందుల్లో అమ్మ చీరలు నాలుగు. పచ్చి కరివేపాకు తేకూడదు. మామిడిపండు చేతిపెట్టెలో కూడా పెట్టకూడదు. మన మామిడిని అమెరికా 2007 నుంచీ రానిస్తోందిగానీ, రేడియేషన్‌తో శుద్ధి చేసి, కాగితాలు జతచేసి, వ్యాపార సరుకుగా పంపితేనే. పండు విషయంలో ఆ దేశానికి అన్ని జాగ్రత్తలున్నాయి. అమ్మ విషయంలో కొడుక్కున్న జాగ్రత్త ఒక్కటే, పెట్టె బరువు దాటకూడదు.

ఇక కాపురం. ముప్పయ్యో అంతస్తు. మొదటిరోజు ఉదయం కాఫీ గ్లాసు చేతికివ్వకముందే కొడుకు నిబంధనలు చదువుతాడు. లిఫ్టుకు తాళంచెవి బిళ్ల ఉండాలి, అవి మన దగ్గర రెండే ఉన్నాయి, కాబట్టి మమ్మల్ని అడక్కుండా కిందికి దిగొద్దు. వరండాలో గట్టిగా మాట్లాడొద్దు. బాల్కనీలో బట్టలు ఆరేయొద్దు, ఫైన్ వేస్తారు. చెత్త ఈ గొట్టంలో, అట్టపెట్టెలు ఆ గదిలో, సీసాలు ఇంకో డబ్బాలో. నేలంతా చెక్క, మడమలు ఆనించి నడవొద్దు, కిందింటివాడు కంప్లయింటు పెడతాడు. ముందు డెస్కు దగ్గర ఎవరైనా అడిగితే విజిటింగ్ అను, ఎన్నాళ్లని అడిగితే నవ్వు. చాలా అద్దె ఒప్పందాల్లో చుట్టాలు ఎన్ని రోజులుండొచ్చో ఒక పరిమితి ఉంటుంది. కన్నతల్లి ఆ లెక్కలో పడకుండా ఉండాలంటే ఆరు నెలలపాటు నవ్వుతూనే ఉండాలి.

అన్నిటికన్నా కఠినమైంది తాలింపు చట్టం. నింగినంటే ఆ వంటింట్లో పొయ్యి మీద ఒక చిమ్నీ ఉంటుంది. చాలా అపార్టుమెంట్లలో అది పొగను బయటికి పంపదు. ఇటు పీల్చి, జాలీలోంచి అటు మళ్లీ గదిలోకే వదులుతుంది. కిటికీ బెత్తెడే తెరుచుకుంటుంది. నూనెలో ఎండుమిర్చి పడిందా, నడినెత్తి మీద అలారం మూలుగు మొదలుపెడుతుంది. చిన్నది లేచి ఏడుస్తుంది. మీటింగులో ఉన్న కోడలు మైకు మూసి తలుపు సందులోంచి చూస్తుంది. నాన్న దుప్పటి పట్టుకుని అలారానికి విసురుతూ స్టూలెక్కుతాడు. రాష్ట్ర ప్రభుత్వంలో ముప్పై ఏళ్లు ఇంజినీరుగా పనిచేసి వంతెనలు కట్టించిన మనిషి. "అమ్మా, కాస్త వాసన రాకుండా వండలేవూ?" అంటాడు కొడుకు. సాయంత్రానికి ఏం కావాలో కూడా వాడే చెబుతాడు. చేపల పులుసు, గోంగూర పప్పు, ఇంగువ వేసిన పులిహోర. వీధికి వాసన తెలియకూడదు, నాలుక్కి రుచి తెలియాలి. నలభీములకు కూడా ఎవరూ పెట్టని పరీక్ష ఇది.

పెట్టిన పరీక్షలన్నీ ఆవిడ నెగ్గుతుంది. అదే ఆవిడ చేసే తప్పు. ఆరింటికి డికాషన్. ఏడింటికి పిల్లల పళ్లు తోమడం. ఎనిమిదింటికి కొడుకు డబ్బా, కోడలి డబ్బా, పిల్లలకు వేరే, మొగుడికి ఉప్పు తగ్గించింది వేరే. పదికి చిన్నది పార్కు అంటుంది. పన్నెండుకు ముద్ద. ఒంటిగంటకు నిద్రపుచ్చడం. పిల్ల పడుకుంటే ఆ గంటలో ఉతికిన బట్టలు మడతపెట్టడం. వాటిలో ఒక నూలుచీర డ్రయ్యరులో ముడుచుకుపోయి మనవరాలి లంగా అంతయి బయటికొస్తుంది. గిన్నెలు తోమే మిషను ఉంది, చక్కటిది. దానిలో తోమిన గిన్నెలు ఆరబెట్టుకుంటారు. తోమేది ఎవరో చెప్పాలా?

నాన్న కొలువు వేరు. పిల్లల బండి తోయడం ఆయన శాఖ. హడ్సన్ నది ఒడ్డున పొడుగాటి నడకదారి ఉంది. ఎండాకాలం పొద్దున పదింటికి అక్కడికెళ్తే ఉభయ తెలుగు రాష్ట్రాల విశ్రాంత ఉద్యోగుల మహాసభ కనిపిస్తుంది. కొడుకు పాత టీషర్టు, కొత్త బూట్లు, తలమీద ఏదో ఐటీ కంపెనీ టోపీ, చేతిలో బండి. దగ్గర్లోనే 1924 నాటి కోల్గేట్ గడియారం ఉంటుంది. అంతెత్తున ఉండి మన్‌హట్టన్‌వైపు ముఖం పెట్టి నిలుచుంటుంది. దాని పక్కన ఏ బెంచీ మీద చెవి పెట్టినా ఒకటే సంభాషణ.

"ఏ ఊరండీ మనది?"

"గుడివాడ. తమరు?"

"జగిత్యాల. ఎప్పుడొచ్చిండ్రు?"

"మే నెలాఖర్న."

"మళ్ల ఎప్పుడు పోతరు?"

"అది మావాడికే తెలియాలండీ. టికెట్టు వాడి లాప్‌టాప్‌లో ఉంది."

జగిత్యాల ఆయన తలూపుతాడు. ఆయన టికెట్టు కూడా లాప్‌టాప్‌లోనే ఉంది. ఊళ్లో పదెకరాల పొలానికి కాలువ నీళ్లు ఎప్పుడొస్తాయో తేదీతో సహా చెప్పగల పెద్దమనిషికి తను ఇంటికెప్పుడు వెళ్తాడో తెలియదు.

ఆ రాష్ట్రానికి ఇంకో విశేషముంది. కారులో పెట్రోలు ఎవరికి వాళ్లు కొట్టుకోవడం న్యూజెర్సీలో చట్టవిరుద్ధం. 1949లో చేసిన చట్టం. అమెరికా మొత్తం మీద ఇలాంటి నిషేధం ఉన్న రాష్ట్రం ఇప్పుడు అదొక్కటే. బంకులో మనిషి వచ్చి కొట్టాల్సిందే. మన కుర్రాడు సీటు కదలకుండా కార్డు అందిస్తాడు. ఆ సేవకు డబ్బు కడతాడు, పైగా ఆ మనిషికి థాంక్స్ చెబుతాడు. ఇంటికొచ్చి భోజనాల బల్ల దగ్గర కూర్చుంటాడు. పళ్లెం వస్తుంది, మంచినీళ్లొస్తాయి, రెండోసారి అన్నమొస్తుంది, పెరుగొస్తుంది. ఫోనులోంచి తల లేవదు. ఆ బంకువాడికి దక్కిన ఒక్క మాట ఇక్కడ దక్కదు.

చట్టం మాటొచ్చింది కాబట్టి ఇదీ వినండి. ఇళ్లలో పనిచేసేవాళ్ల హక్కుల కోసం న్యూజెర్సీలో 2024 జులై 1 నుంచి ఒక చట్టం అమల్లోకి వచ్చింది. పనిలో పెట్టుకునేవాళ్లు రాతపూర్వకంగా ఒప్పందం చేసుకోవాలి. ఏకధాటిన అయిదు గంటలు దాటి పనిచేయిస్తే అరగంట భోజన విరామమివ్వాలి. నాలుగేసి గంటలకు పది నిమిషాలు విశ్రాంతి. ఇంట్లోనే ఉండి పనిచేసేవాళ్లకు వరసగా ఆరు రోజుల తర్వాత ఒకరోజు సెలవు. చక్కటి చట్టం. అయితే కుటుంబ సభ్యులకు వర్తించదు. చేసినవాళ్ల తప్పేం లేదు, కన్నతల్లికి చట్టం అండ కావాల్సి వస్తుందని ఏ శాసనసభ ఊహిస్తుంది? అయినా సరదాకి ఒక లెక్క వేద్దాం. 2025లో అక్కడ కనీస వేతనం గంటకు 15.49 డాలర్లు. రోజుకు పది గంటలు, వారానికి ఏడు రోజులు, పది వారాలు. మొత్తం 10,843 డాలర్లు. ఓవర్‌టైం కలపలేదు. రాత్రి చిన్నది లేచి ఏడ్చినప్పుడు కోడలికన్నా ముందు లేచిన గంటలు కలపలేదు. నాన్న బండి తోసిన ఖాతా అసలు తెరవనే లేదు.

ఈపాటికి అమెరికా నుంచి ఒక గొంతు లేచే ఉంటుంది. "ఛీ, ఇదేం మనస్తత్వం? మనవల దగ్గర కూర్చోడానికి గంటకింతని లెక్కా? అది ప్రేమ కదా!"

ప్రేమే బాబూ. ప్రేమ కాకపోతే ఈ ధరకు దొరికేవాళ్లెవరు? ఆవిడ మనవరాలికి ముద్దలు పెట్టినందుకు ఎవరూ కన్నీళ్లు పెట్టుకోవడం లేదు. ఆ పిల్ల జూన్‌లో "నో" అన్నది ఆగస్టుకల్లా "వద్దు నానమ్మా" అంటుంది. ఆ ఇంట్లో తెలుగు బతుకుతున్నదంటే ఆ పది వారాల పుణ్యమే. ఆ సంగతి ఆవిడకు తెలుసు. అందుకే మోకాళ్లు వద్దంటున్నా వెళ్తుంది. సాయం అడగడంలో తప్పులేదు, చేయడంలో అంతకన్నా లేదు. వెగటు పుట్టించేది దానికి తొడిగిన ముసుగు. చాకిరీ చేయించుకుంటూ, "మా పేరెంట్స్‌కి అమెరికా చూపిస్తున్నాం" అని చెప్పుకోవడం. ఇచ్చుకుంటున్నవాళ్లను పుచ్చుకుంటున్నవాళ్లుగా నిలబెట్టడం.

చూపించడమెలా ఉంటుందో కూడా చూడాలి. ఆరు నెలల్లో ఒక్క నయాగరా. శుక్రవారం రాత్రి బయల్దేరి ఆదివారం రాత్రికి తిరిగి రావాలి. కారులో దారిపొడుగునా పిల్లలకు పులిహోర పెట్టే పని నానమ్మదే. కెనడా వైపు నుంచి జలపాతం ఇంకా బాగుంటుందంటారు. ఆ వైపు వెళ్లాలంటే వేరే వీసా కావాలి, అది తీయలేదు. రెండోది లిబర్టీ విగ్రహం. జెర్సీ సిటీలోని లిబర్టీ స్టేట్ పార్కు ఒడ్డున నిలబడితే విగ్రహం దగ్గరగానే కనిపిస్తుంది, వెనకవైపు నుంచి. స్వేచ్ఛాదేవి జెర్సీకి వీపు తిప్పి నిలబడిందని అక్కడివాళ్లే నవ్వుకుంటారు. ముందువైపు చూడాలంటే పడవెక్కాలి. "వచ్చేసారి చూద్దాంలే అమ్మా, చిన్నదానికి నిద్రొస్తోంది." ఇక ఫొటోలు. వెనక విగ్రహం, ముందు అమ్మానాన్న, నవ్వండి, ఇటు చూడండి. నాన్న చేతిలో పిల్లల బండి ఫ్రేములోంచి కత్తిరింపబడుతుంది. అమ్మ భుజాన పాలసీసాల సంచీ కూడా. మర్నాడు కాలనీ గ్రూపులో ఫొటో వెలుస్తుంది. నూటపాతిక దండాల బొమ్మలు, యాభై పూలగుత్తులు.

ఇన్సూరెన్సు కథ ఇంకా కమ్మగా ఉంటుంది. పర్యాటకుల పాలసీల్లో ఒక రకం ఏ చికిత్సకు ఎంతివ్వాలో ముందే గీత గీసుకుంటుంది. ఆస్పత్రి బిల్లు ఎంతయినా ఆ గీత దాటదు. చవక కాబట్టి దాన్నే కొంటారు. ముందునుంచీ ఉన్న జబ్బులు మామూలుగా అందులో ఉండవు. అరవై దాటిన తెలుగు దంపతులకు ముందునుంచీ లేని జబ్బేదో వెతకాలి. అందుకని కొడుకు వైద్యం మాటల్లోనే చేస్తాడు. "నాన్నా, ఇక్కడ జబ్బు పడకూడదు." పన్ను నొప్పికి లవంగం. నడుము నొప్పికి ఇండియా వెళ్లాక స్కానింగ్. ఛాతీలో బరువుగా ఉందంటే ముందు గ్యాస్ మాత్ర. అయిదు వందల డాలర్ల బూట్ల పెట్టె విప్పకముందే వారంటీ చదివే కుర్రాడు, అమ్మ పాలసీ కాగితాన్ని మొదటి పేజీ దాటి చదవడు.

ఇంత జరిగాక ఆవిడ ఇంటికొచ్చి ఏమంటుంది? "అబ్బ, ఎంత బాగా చూసుకున్నారో వదినా! కాలు కింద పెట్టనిచ్చారు కాదు." చాక్లెట్ల సంచీ విప్పుతుంది. తలా ఒక షాంపూ సీసా. ముప్పయ్యో అంతస్తు, నది, వెలుగులు. తప్పులో మూడోవంతు ఈవిడది. నిజం చెబితే కొడుకు పరువు పోతుందని భయం. అంతకన్నా తన పరువు. అమెరికాలో కొడుకున్న తల్లి హోదా ఊరికే వస్తుందా? పెళ్లిళ్లలో ముందు వరస కుర్చీ, చిన్నకొడుక్కి సంబంధాల వరద, ఇవన్నీ ఆ ఒక్క వాక్యం మీద నిలబడి ఉన్నాయి. వింటున్నవాళ్లు మరో మూడోవంతు. ఆవిడ అబద్ధాన్ని ఆమోదిస్తేనే రేపు తమ అబద్ధం చెల్లుతుంది. ఈ సహకార సంఘానికి ఇన్నేళ్లుగా ఒక్క ఆడిటూ జరగలేదు.

ఆ ఇంట్లో నిజం పసిగట్టే మనిషి ఒక్కతే, పనిమనిషి. ఆరు నెలల తర్వాత గుమ్మంలో అడుగుపెట్టి అమ్మగారి చేతులు చూస్తుంది. "అక్కడ గిన్నెలెవరు తోముతారమ్మా?" "మిషనుందే." పనిమనిషి ఇంకేమీ అనదు. సబ్బుకు పగిలిన వేళ్లు ఎలా ఉంటాయో తనకు తెలియనిది కాదు. పైగా ఆ మనిషి పరిస్థితి మెరుగు. నెలకు రెండు సెలవులు. దసరాకు చీర. ఒంట్లో బాగోకపోతే రానని ఫోను చేసే ధైర్యం. నచ్చకపోతే ఎదురింట్లో చేరిపోయే వీలు. ఈ నాలుగింటిలో ఒక్కటైనా జెర్సీ సిటీలో అమ్మగారికి ఉందా?

కాబట్టి వచ్చే వేసవికి పిలవబోయే పుత్రరత్నాలకూ, కూతుళ్లకూ, కోడళ్లకూ, అల్లుళ్లకూ ముందే తెలియజేయునది. ఇకనుంచి కొలువుకు షరతులుంటాయి.

ఎందుకు పిలుస్తున్నారో నోరారా చెప్పండి. "పిల్లల్ని చూసుకోడానికి మనిషి కావాలమ్మా, మా వల్ల కావట్లేదు, సాయం చెయ్యి" అనండి. ఆ మాట వింటే ఆవిడ రెట్టింపు హుషారుగా వస్తుంది. ఆవిడకు అబద్ధాలతో పనిలేదు, మీకే ఉంది.

పాలసీ మంచిది కొనండి. ఏమేం రాదో నాన్నను పక్కన కూర్చోబెట్టుకుని చదివి వినిపించండి. జబ్బు పడొద్దని ఆంక్ష పెట్టే అధికారం మీకు లేదు.

ఇంటి తాళంచెవి బిళ్లలు వాళ్లకూ రెండు చేయించండి. ఫోనులో ఇంటర్నెట్ వేయించండి. పాత్ రైలు కార్డులో డబ్బు వేసి చేతిలో పెట్టండి. ఆ రైలు రాత్రీ పగలూ నడుస్తుంది, నది కిందనుంచి మన్‌హట్టన్ తీసుకెళ్తుంది. విజయవాడ బస్టాండులో సంచులతో కిటికీలోంచి సీటు పట్టిన ఆడది, ఆ రైలెక్కలేదనుకోవడం మీ అమాయకత్వం.

ఆదివారం ఆవిడకు సెలవు. రాష్ట్ర చట్టం బయటివాళ్లకు ఇవ్వమన్నదాన్ని మీరు ఇంట్లో ఇవ్వండి. ఆ రోజు వంట మీది, అలారం మోగితే స్టూలెక్కాల్సింది మీరు. మిగతా ఆరు రోజులూ తాలింపు ఆవిడ ఇష్టప్రకారం పడుతుంది. కిందింటివాడికి సంజాయిషీ మీరే ఇచ్చుకోండి.

ఫొటో తీసేటప్పుడు పిల్లల బండి కూడా పడాలి. పాలసీసాల సంచీ కూడా. చేసిన పని కనబడటం నామోషీ కాదు.

ఆఖరి షరతు. వీటన్నిటికీ ఒప్పుకుంటే టికెట్లు కొనండి. రమ్మనే తేదీ మీ స్కూలు క్యాలెండరు చూసే వేసుకోండి, అభ్యంతరం లేదు. తిరుగు ప్రయాణం తేదీ మాత్రం అమ్మనడిగి వేయండి.